నీళ్ళ మీద నడిచిన పిట్ట

మా అమ్మకు పరలోకం గురించి ఏ అనుమానమూ లేదు. అక్కడ మా నాయన ఎదురుపడితే ఏం మాట్లాడాలన్నదే ఆమె బెంగ. తొంభై దాటిన మనిషి. చూపు మసకబారింది, వినికిడి ఆమె ఇష్టాన్ని బట్టి ఉంటుంది, జ్ఞాపకం మాత్రం నాకంటే చురుకు. కోవూరులో మా ఇంటి ముందు గదిలో నవారు మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ ఒక రోజు ఉన్నట్టుండి అడిగింది. "అమ్మే రూతూ, నీళ్ళ మీద నడిచే పిట్ట నిజంగా ఉండాదా?" నేను చదువుతున్న పేపరు దించి ఆమె వంక చూశాను. ఆ పిట్ట మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తక నా చిన్నతనం, నా పెళ్ళి, నా ఉద్యోగం, నా రిటైర్మెంటు అన్నీ గడిచిపోయాయి. ఎత్తకూడదని శాసనం చేసింది కూడా ఆమే.

కారణం ఎదురింటి హిమబిందు. కాలేజీలో జువాలజీ చెబుతుంది. సెలవు దొరికితే మెడలో బైనాక్యులర్ వేసుకుని చెరువుల వెంటా ఉప్పు కయ్యల వెంటా పిట్టల్ని చూస్తూ తిరుగుతుంది. ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి, చేపల వేట నిషేధం ఎత్తేశారనీ, ఒక పడవ మాట్లాడుకుని సముద్రం లోపలికి పోయి ఒడ్డున కనబడని పిట్టల్ని చూసి వస్తామనీ, ఒక చోటు ఖాళీ ఉందనీ చెప్పింది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం. మా ఇంట్లో అమ్మ నిద్రను నమ్మినవాళ్ళు ఎవరూ బాగుపడలేదు, నేనే ఆ సంగతి మరిచిపోయాను.

హిమబిందును పిలిపించాను. ఉంది, అంది ఆమె. అలాంటి పిట్ట ఉంది, ఈ గాలికాలంలోనే మన సముద్రంలోకి వస్తుంది. ఫోన్‌లో బొమ్మ తీసి అమ్మ కళ్ళ దగ్గర పెట్టింది. అమ్మ దాన్ని చేత్తో పక్కకు నెట్టేసింది. "ఫోన్లో అయితే ఏనుగు గూడా ఎగరతాదమ్మా. నాకు కనపడేదీ లేదు, నేను నమ్మేదీ లేదు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు పొయ్యి చూసిరా. నీ కళ్ళతో చూసినానంటే నమ్ముతా." ఇప్పుడెందుకమ్మా అన్నాను. "ఇప్పుడు గాకపోతే ఎప్పుడే? నేను పోతే ఆయన ఆడ నిలబడుకోని ఉంటాడు గదా. ఆయన చెప్పింది నిజమైతే నేనేం మొహం పెట్టుకోని పలకరించాలా? అబద్ధమైతే పరవాలా, నేనే గట్టిగా అడగతా." నవ్వుదామనుకున్నాను గానీ ఆమె నవ్వడం లేదు.

నేను పుట్టిన ఊరు బోగోలుకు తూర్పున, సముద్రానికి బాగా దగ్గర. ఇసుక దిబ్బల వైపు వేటకు పోయే కుటుంబాలు ఉండేవి, లోపలి వైపు మా క్రైస్తవ పాలెం. మా వాళ్ళు పొలం పనులకు పోయేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు బడిపంతుళ్ళు, ఒక వడ్రంగి, ఒక టైలరు. ఆ టైలరే మా నాయన దేవసహాయం. అలల చప్పుడు వింటూ పుట్టి, వింటూ పెరిగి, వింటూ పోయినవాళ్ళే అందరూ, కానీ మోకాలి లోతు దాటి సముద్రంలో దిగినవాళ్ళు మా పాలెంలో ఒక్కరు లేరు. సముద్రమంటే మా వాళ్ళకు బైబిల్లో సముద్రమే. గలిలయ సముద్రం ఎలా ఉంటుందో, యోనాను మింగిన చేప ఎంత ఉంటుందో, పౌలు ఎక్కిన ఓడ ఎక్కడ బద్దలయిందో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. దిబ్బ దాటితే కనబడే సముద్రం గురించి అడిగితే, "దాంతో మనకేం పని" అనేవాళ్ళు.

పని ఉన్నది మా నాయన ఒక్కడికే. వసారాలో కుట్టుమిషను ఉండేది, దాని మీద జాకెట్లూ లాగూలూ కుట్టేవాడు గానీ, అవి ఇల్లు గడవడానికి. ఆయన ప్రాణమంతా తెరచాపల్లో ఉండేది. వేటకు పోయే వాళ్ళు మందపాటి గాడా గుడ్డ తెచ్చి ఇస్తే దాన్ని ముంగిలి నిండా పరిచేవాడు. ఆ రోజుల్లో మేము ఇంట్లోకి రావాలంటే గోడ వారగా పక్కకు నడిచి రావాలి. ఆ తెరచాప మీద కాలు పెడితే మా నాయనకు కోపం రావడం చూసేవాళ్ళం, అది చాలా అరుదైన దృశ్యం. ఆ మందానికి మిషను సూది విరిగిపోతుంది. అందుకని మోకాళ్ళ మీద పాకుతూ, దబ్బనంతో, మైనం పట్టించిన దారంతో చేత్తోనే కుట్టేవాడు. అరచేతికి ఒక తోలుముక్క కట్టుకుని దబ్బనాన్ని దాంతో నెట్టేవాడు. కుట్టినంతసేపూ పాడేవాడు. గుడిలో ఆరాధనకు పాట ఎత్తేది కూడా ఆయనే, పాలెంలో అంత గొంతు ఇంకొకరికి లేదు. కొత్త గుడ్డ గంజి వాసన, చాపకు రంగు పట్టడానికి పెరట్లో ఉడికే తుమ్మచెక్క వాసన, వంటింట్లో అమ్మ వేయించే ఎండుచేపల వాసన. ఆ మూడూ కలిస్తేనే నాకు మా ఇల్లు. ఇప్పుడు ఎక్కడైనా కొత్త దుప్పటి విప్పినప్పుడు ఒక్క క్షణం ఆ వసారా కళ్ళ ముందు నిలబడుతుంది. అంతలోనే పోతుంది.

అమ్మ వంట చేస్తూ గట్టిగా ప్రార్థించేది. సగం దేవుడితో, సగం మాతో. "ప్రభువా, ఈ బిడ్డకు తెలివి ప్రసాదించయ్యా, రూతూ, ఆ పొయ్యి ఎగదొయ్యి, నీ కృప మా మీద ఉండనియ్యి, ఉప్పు డబ్బా యాడ పెట్టినావే" అంటూ ఒకే ఊపిరిలో సాగేది. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో అందుకోవడం ఆమెకు అలవాటు. పాస్టరు గారి ప్రార్థన మధ్యలో కూడా, మరిచిపోయిన పేర్లు గుర్తు చేసేది. మా నాయన ఒక వాక్యం మొదలుపెడితే దాన్ని ముగించేది అమ్మే. ఆయనకు అది బాధగా ఉన్నట్టు నాకెప్పుడూ తోచలేదు. సగం పని తప్పిందన్నట్టు దబ్బనం అందుకునేవాడు.

వేట వాళ్ళకు ఒక ఆచారం ఉండేది. కొత్త చాప కుట్టిన మనిషి దాని తొలి ప్రయాణంలో దాని కిందే కూర్చోవాలి. కుట్టు ఊడితే కుట్టినవాడూ మునుగుతాడు, అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుడతాడని దాని వెనక లెక్క. "నీ కుట్టు మీద నీకు నమ్మకముంటే ఎక్కు దేవసాయం" అనేవాడు పోలయ్య. ఆయనే మా నాయన చేత ఎక్కువ చాపలు కుట్టించుకున్న పడవ మనిషి. అట్లా మా పాలెంలో సముద్రం లోపలికి పోయి వచ్చిన ఏకైక మనిషి మా నాయన అయ్యాడు. పడవకు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేటప్పుడు ఈయన పక్కకు జరిగి, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకునేవాడు. మొదటిసారి కొట్టిన టెంకాయ చిప్ప ఇంటికి తెస్తే అమ్మ దాన్ని విగ్రహార్పితమని కోళ్ళకు వేసింది. ఆ సంగతి పోలయ్యకు ఎట్లా తెలిసిందో గానీ, ఆ తర్వాత ప్రతిసారీ మా ఇంటి కోసం కొట్టని టెంకాయ ఒకటి వేరుగా పెట్టేవాడు. అమ్మ దాన్ని మారు మాట్లాడకుండా పచ్చడి చేసేది. ఇవాళ అంత సర్దుకుపోయే తీరిక రెండు వైపులా ఎవరికైనా ఉందా అని నాకు అనుమానం.

అలాంటి ఒక తొలి ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం నాయన కనుబొమ్మల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. అన్నం కలుపుకుంటూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఏంది సంగతని అమ్మ అడిగితే, "ఆదివారం చెప్తా" అన్నాడు. మా సంఘంలో పెద్ద మేలు పొందిన మనిషి దాన్ని ఆదివారం దాకా దాచుకుని సాక్ష్యంగా చెప్పడం పద్ధతి. జ్వరం తగ్గింది, తప్పిపోయిన మేక దొరికింది, పిల్లవాడు పరీక్ష పాసయ్యాడు, ఇవీ సాక్ష్యాలు. మా నాయన పాటలే గానీ సాక్ష్యం ఎప్పుడూ చెప్పినవాడు కాదు. "మనకేం జరిగింది చెప్పడానికి" అనేవాడు. అందుకని ఆ ఆదివారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని మగవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడితే, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. గర్వంతోనే నొక్కింది.

"పేతురు గారు నీళ్ళ మీద నడిచినాడని మనం చదవతాం గానీ, మనసులో యాడో ఒక మూల నమ్మకం చాలదు" అని మొదలుపెట్టాడు నాయన. "నేను మొన్న సముద్రంలో నా కళ్ళతో చూసినా. ఒక నల్ల పిట్ట, ఇంత ఉంటాది. నీళ్ళ మీద నడిచింది. అల ఎక్కింది, అల దిగింది. నేనే చూసినా. అంత చిన్న పిట్టే నడస్తే, ప్రభువు చెయ్యి పట్టుకున్న పేతురు నడవడా?" అందరి విశ్వాసం గట్టిపడుతుందని ఆయన ఆశ. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తు, పండుగ రోజు పిల్లవాడి మొహంలా ఉంది. అప్పుడు సంఘపెద్ద ఇస్రాయేలు గారు లేచారు. "కూర్చో దేవసాయం. ప్రభువు చేసిన అద్భుతం పిట్టలూ పురుగులూ చేసేదయితే ఇంక అది అద్భుతమెట్టా అయితాది? ఏం మాట్టాడతా ఉండావో తెలిసే మాట్టాడతా ఉండావా?" నాయన బిత్తరపోయాడు. ఆ కోణం ఆయనకు తట్టనే లేదు. "అది గాదండీ, ఇంకా చెప్పాల్సింది ఉండాది" అన్నాడు. "చాల్లే" అన్నారు పెద్దాయన. వెనక నుంచి ఎవరో, పోలయ్య పడవలో ఏం తాగించినాడో కనుక్కోండి అన్నారు. గుడి మొత్తం నవ్వింది. నాయన కూర్చున్నాడు. అమ్మ నా చెయ్యి వదిలేసి ముసుగు ముందుకు లాక్కుంది.

ఇస్రాయేలు గారు చెడ్డవాడేమీ కాదు. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందు కదిలేది ఆయనే. ఆయన దృష్టిలో ఆయన ఆ రోజు వాక్యాన్ని కాపాడాడు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో వంటింటి నుంచి అమ్మ గొంతు చాలాసేపు వినబడింది. నాయన గొంతు చివర్లో ఒక్కసారి, "సరే" అని. అప్పటి నుంచి మా ఇంట్లో పిట్ట మాట లేదు. ఊళ్ళో మాత్రం ఆయన పేరు పిట్ట టైలరుగా స్థిరపడింది. నాకు బడిలో పిట్ట రూతు అనే పేరు వచ్చింది. పోలయ్యను అడిగితే అరక్షణంలో తేలిపోయేది, కానీ పాలెంలో ఎవరూ అడగలేదు. అడిగితే మన సంఘం సంగతి వేట వాళ్ళ చేత తేల్పించుకున్నట్టవుతుందని అనుకుని ఉంటారు. నేను ఒకటి రెండుసార్లు మిషను పక్కన చేరి, ఆ పిట్ట ఎట్టుంటాది నాయనా అని గుసగుసగా అడిగాను. "మీ అమ్మ వద్దనింది గదమ్మా" అని నవ్వాడు. మాట ఇస్తే అట్లా ఇచ్చేవాడు ఆయన. గుడికి పోవడం మానలేదు, కానీ మళ్ళీ సాక్ష్యానికి లేవలేదు, పాటా ఎత్తలేదు. పెద్దలు పిలిస్తే గొంతు బాగాలేదండీ అనేవాడు. ఇంట్లో మిషను దగ్గర పొద్దంతా పాడేవాడు. ఆ గొంతు వినబడినంతసేపూ అమ్మ వంటింట్లో ప్రార్థన మానేసి ఊరకే ఉండేది.

తర్వాత పడవలకు ఇంజన్లు వచ్చాయి. చాపలు పోయాయి. నాయన దబ్బనం గోడకు గుచ్చి, బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుంటూ మిగిలిన జీవితం గడిపాడు. నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది. ఊరి వాళ్ళ మాటల్ని ఒకరి నుంచి ఒకరికి కలపడమే నా పని. మా ఇంట్లో ఆగిపోయిన ఆ ఒక్క మాటను కలపడం మాత్రం నా వల్ల కాలేదు. నాయన పోయి కూడా చాలా ఏళ్ళయింది.

సముద్రానికి పోయే రోజు అమ్మ నాకంటే ముందే లేచి కూర్చుంది. రాత్రే దగ్గరుండి నా చేత మామిడికాయ వేసిన చేపల పులుసు చేయించింది, నువ్వుల నూనె ధారగా పోయించింది. అంత నూనె ఎందుకమ్మా అంటే, సముద్రం గాలికి కడుపు ఎండిపోతాదంది. ఎవరు చెప్పారో. క్యారియర్ చేతికిస్తూ, "బాగా చూడు. లేకపోతే లేదని చెప్పు. నన్ను సంతోషపెట్టాలని మాత్రం ఏదీ కల్పించి చెప్పబాక" అంది. కారులో హిమబిందుతో పాటు ఆమె స్నేహితులు ఇద్దరు, ఒక కంటి డాక్టరూ ఒక బ్యాంకు ఉద్యోగీ. బోగోలు వైపు రోడ్డు తిరిగినప్పుడు నేను పుట్టిన పాలెం దారి కనబడింది. ముంగిళ్ళు లేవు, అన్నీ మేడలే. గుడి ఎత్తుగా ఉంది, దాని నెత్తిన మైకులు నాలుగు దిక్కులా ఉన్నాయి.

పడవ నడిపే మస్తానయ్య నాకు చెయ్యి అందించి ఎక్కించాడు. ఫైబర్ పడవ, వెనక ఇంజను, నారింజ రంగు జాకెట్లు. ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారం దాటగానే పడవ లేచి పడింది, నేను అంచును రెండు చేతులా పట్టుకున్నాను. పాలెం వాళ్ళందరూ ఒక్క గొంతుతో, దాంతో మనకేం పని అన్నట్టు వినబడింది నాకు. బురద రంగు నీళ్ళు కాసేపటికి పచ్చగా మారాయి. వెనక్కి చూస్తే ఒడ్డు సన్నటి గీతయింది, తర్వాత అదీ లేదు. అప్పుడు నీళ్ళు నీలంగా మారాయి. సిరా బుడ్డి ఒలికినంత నీలం. ఈ నీలాన్ని చూసినవాడు మా పాలెంలో నాకు ముందు ఒక్కడే ఉన్నాడు. అంత చూసి వచ్చినవాణ్ణి ఒక్క మాటతో కూర్చోబెట్టేశారు. నాకు మొదటిసారి ఆ గుడి మీద, ఆ నవ్విన వాళ్ళ మీద, మా అమ్మ మీద కూడా నిజంగా కోపం వచ్చింది.

ఎన్ని చూశామో. తోక చీలిన తెల్ల పిట్టలు నీళ్ళ మీదికి రాయి పడ్డట్టు పడి చేపతో లేస్తుంటే, ఒక గోధుమ రంగు పెద్ద పిట్ట వాటి వెంటపడి, నోట్లో చేప వదిలేదాకా తరిమి, ఆ చేప నీళ్ళలో పడేలోపల అందుకుంటోంది. డాక్టరు గారు ఆనందం పట్టలేక ఫోటోలు తీస్తూ కెమెరాతో సహా నా ఒళ్ళో పడ్డారు. చేపలు గుంపుగా నీళ్ళలోంచి లేచి ఎగిరి మళ్ళీ నీళ్ళలో దూరాయి. డాల్ఫిన్లు పడవ పక్కనే వచ్చి, మాకోసమే వచ్చినట్టు కాసేపు ఆడి, మా మీద ఆసక్తి పోయి వెళ్ళిపోయాయి. ఒక తాబేలు తల పైకెత్తి మమ్మల్ని చూసింది. మస్తానయ్య ఇంజను తగ్గించి రెండు చేతులూ జోడించాడు. "మాకు దేవుడమ్మా" అన్నాడు. నా చేతులు కూడా జోడించుకుని ఉన్నాయని కాసేపటికి చూసుకున్నాను. ఆ సంగతి అమ్మకు చెప్పనక్కర్లేదు. ప్రతి పిట్టకూ హిమబిందు పేరు చెబుతోంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతోంది. ఏది కనబడినా నేను అడిగేది ఒకటే. "ఇదేనా?" "కాదక్కా" అంటోంది ఆమె. మధ్యాహ్నం అయ్యేసరికి కాదనడానికి ఆమెకే మొహమాటంగా ఉంది.

ఇంక వెనక్కి తిరగాలన్నాడు మస్తానయ్య, గాలి పెరుగుతోందని. తిరిగేలోపల అన్నం తినేద్దామని పడవ ఆపారు. ఆగిన పడవ ఊగడం మొదలుపెడితే నడిచే పడవే నయం. నేను క్యారియర్ మూత తీశాను. పులుసు వాసన ముక్కుకు తగలగానే కడుపులో దేవినట్టయింది. ఆ వాసన ఇంకొక్క క్షణం భరించలేననిపించింది. ఎవరికైనా ఇచ్చే ఓపిక కూడా లేక, గిన్నె మొత్తం సముద్రంలో వంపేసి తల పక్కకు తిప్పుకుని కూర్చున్నాను. హిమబిందు నా వీపు నిమురుతూ నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమంది. పులుసు నూనె నీళ్ళ మీద పల్చగా పరుచుకుని, ఎండకు రంగులు తిరుగుతూ, గాలివాటుకు దూరంగా సాగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. లేదని చెప్పమంది గదా, పోయి లేదని చెబుతాను, నాయన మీద అమ్మ గెలుస్తుంది, అంతే కదా అనుకున్నాను.

"అక్కా" అంది హిమబిందు. గొంతు మారింది. "లేవబాకండి. అట్నే తల తిప్పండి."

ఎక్కడి నుంచి వచ్చాయో. మూడో నాలుగో. పిగిలిపిట్టంత ఉంటాయి, మసి రంగు, తోక పైన తెల్లటి పట్టీ. నూనె పరుచుకున్న చోటికే వచ్చాయి. అందులో ఒకటి మాకు బాగా దగ్గరగా వచ్చింది. రెక్కలు రెండూ పైకెత్తి పట్టుకుంది, దారాల్లాంటి పొడుగు కాళ్ళు కిందికి వేలాడేసింది, ఆ కాళ్ళతో నీళ్ళను తడుతూ, తట్టినప్పుడల్లా కాస్త ముందుకు పోతూ, అల లేస్తే దాని వీపు మీదుగా ఎక్కింది, అవతల దిగింది. కాలు పెట్టి, కాలు తీసి. సన్నటి కాళ్ళ కింద నీళ్ళ మీద చిన్న చిన్న వలయాలు. "నూనె వాసన వీటికి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది" అంటోంది హిమబిందు. "దక్షిణ ధ్రువం మంచు దగ్గర్నుంచి వస్తాయక్కా ఇంత దూరం. నీళ్ళ మీద తేలే సన్న జీవాల్ని ఏరుకుంటాయి. బరువు మోసేది రెక్కలూ గాలీ. చూసేవాళ్ళకు నడిచినట్టే ఉంటుంది." నేను వింటూనే ఉన్నాను. కళ్ళలో నీళ్ళు నిండి పిట్ట సరిగా కనబడటం లేదని, తుడుచుకుని తుడుచుకుని చూశాను. నాయన చెయ్యెత్తి చూపించిన కొలత సరిగ్గా సరిపోయింది.

తిరుగు దారిలో కారులో డ్రైవరు తప్ప అందరూ నిద్రపోయారు. నాకు నిద్ర ఎక్కడిది. నాయన అబద్ధం చెప్పలేదు, అంతవరకూ సంతోషమే. కానీ రెక్కల సంగతి చెప్పాలా వద్దా? గాలి మోసిందని చెబితే అది నడక కాదని అమ్మ పట్టుకుంటుంది. అప్పుడు ఇస్రాయేలు గారే గెలిచినట్టు. నడిచిందమ్మా అని ఊరుకుంటే చాలు, ఆమె మనసు నెమ్మదిస్తుంది, నాయన గెలుస్తాడు. బోగోలు దాటి, మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు దాటి, పెన్న వంతెన ఇంకా రాకముందే కోవూరు వచ్చేసింది. ఇంటి మెట్టు ఎక్కేదాకా నేను తేల్చుకోలేదు. మెట్టు మీద చెప్పులు విప్పుతుంటే, కల్పించి చెప్పబాక అన్న మాట గుర్తొచ్చింది. అబద్ధం చెబితే గానీ నిలబడని మనిషి కాదు మా నాయన అనిపించింది.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఇంకా పొద్దు పూర్తిగా పోలేదు. "పులుసు సరిపోయిందా?" అని అడిగింది మొదట. సముద్రంలో పోశానన్నాను. "అంత పులుసూ? నీకేమన్నా బుద్ధుండాదా?" అని కాసేపు తిట్టింది. ఆ పులుసుకే పిట్ట వచ్చిందమ్మా అన్నాను. తిట్టు ఆగిపోయింది.

"వచ్చిందా?"

"వచ్చింది. నల్లది. నాయన చెప్పినంతే ఉండాది."

"నడిచిందా?"

"కాళ్ళతో నీళ్ళు తొక్కిందమ్మా. అల ఎక్కింది, దిగింది. కానీ రెక్కలు పైకెత్తి పట్టుకోని ఉండాది. గాలి దాన్ని మోస్తా ఉండాది. కాళ్ళ మీదే నిలబడి నడవలా."

నేను ఎదురుచూసిన మాట అమ్మ నోట రాలేదు. ఒళ్ళో ఉన్న రెండు చేతుల్నీ మెల్లగా పైకెత్తింది. ఎండిపోయిన చేతులు, మోచేతుల దగ్గర చర్మం వేలాడుతోంది. భుజాల పైకి ఎత్తి, అట్లాగే నిలబెట్టుకుని, నేనున్న వైపు మొహం తిప్పింది. "ఇట్టానా?"

"అట్టానే అమ్మా."

"ఆ రోజు మీ నాయన ఇట్టా ఎత్తినాడే" అంది. "గుడి నుంచి వచ్చి చొక్కా గూడా విప్పలా. వంటింటి గడప కాడ నిలబడినాడు. ఎస్తేరూ, అసలు సంగతి వాళ్ళు చెప్పనియ్యలా, నువ్వన్నా విను, దాని రెక్కలుండాయే, అని రెండు చేతులూ ఇట్టా ఎత్తినాడు. నేను మాట పూర్తిగానియ్యలా. ఎవురన్నా చూస్తే పిచ్చోడంటారు, దించు చేతులు అన్నా. ఆయన చూస్తానే ఉన్నాడు నా దిక్కు. దించు అన్నా మళ్ళా. దించినాడు."

నేను పోయి ఆమె చేతులు పట్టుకుని ఒళ్ళో పెట్టాను. చల్లగా ఉన్నాయి. ఊరందరూ ఆయన్ని కూర్చోబెట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఊరు కూర్చోబెట్టినా ఆయన ఇంటికొచ్చి మళ్ళీ లేచి నిలబడ్డాడని నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మనిషి అదే గడపలో కూర్చుని అన్నం తిన్నాడు, ఈమే వడ్డించింది, ఇద్దరికీ తెలుసు.

అమ్మ పైటకొంగుతో మొహం తుడుచుకుంది. ముక్కు చీదింది. మంచం మీద కాస్త జరిగి, నేను కూర్చోడానికి చోటు చేసింది.

"రెక్కల తర్వాత ఏం చెప్పేవాడో నాకు తెలీదు" అంది. "నువ్వు చెప్పు. మొదట్నుంచీ చెప్పు, పడవెక్కిన కాడ్నుంచి. నేను మధ్యలో మాట్టాడను."

నేను పక్కన కూర్చుని మొదలుపెట్టాను. బురద నీళ్ళు పచ్చగా మారడం చెప్పాను, పచ్చ నీలంగా మారడం చెప్పాను. ఒడ్డు కనబడకుండా పోయినప్పుడు భయమేసిందని చెప్పాను. దొంగ పిట్ట గురించి, ఎగిరిన చేపల గురించి, తాబేలుకు చేతులు జోడించానని కూడా చెప్పాను. విగ్రహారాధన అని అరుస్తుందేమోనని ఆగి చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. పిట్ట దగ్గరికి వచ్చేసరికి ఇంకా నెమ్మదిగా అంతా చెప్పాను, రెక్కలు, కాళ్ళు, నీళ్ళ మీద వలయాలు, అల మీదుగా ఎక్కి అవతలికి దిగి దూరంగా వెళ్ళిపోవడం. అయిపోయేదాకా మా అమ్మ ఒక్క మాట కూడా అడ్డం రాలేదు.